పడవపిల్ల అన్నం తిని ఎన్నాళ్లయింది?

నాకు మనసులో చదువుకోవడం చేతకాదు. పెదవి కదపకుండా, గొంతు లేవకుండా కళ్లతోనే పేజీలు దాటిపోయేవాళ్లని చూస్తే ఈ వయసులోనూ నాకు ఆశ్చర్యమే. నాది బడి చదువు కాదు. హరిశ్చంద్రపురంలో మా పుట్టింటికీ బడికీ మధ్య రైలు పట్టాలుండేవి. మా అన్నయ్యలిద్దరూ గెంతుకుంటూ దాటి వెళ్లేవారు. నన్ను మాత్రం మా అమ్మ పంపలేదు. "ఇది ఏదో ఆలోసించుకుంటూ నడుత్తాది, బండొచ్చినా సూడదు" అనేది. అందులో అబద్ధమేమీ లేదు. అందుకని మా తాత అరుగు మీద ఇసుక పోసి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించాడు. ఆయన పుణ్యాన ఈ నాలుగు ముక్కలూ వచ్చాయి.

తాతకి తెలిసిన చదువు పైకి చదవడమే. సాయంత్రం దీపం పెట్టుకుని పురాణం చదివేవాడు, వీధిలోవాళ్లు వచ్చి కూర్చునేవారు. గూడ్సుబండి వస్తే అరచెయ్యి ఎత్తి ఆగేవాడు. ఆఖరి పెట్టె వెళ్లిపోయాక, ఆపిన మాట సగంలోంచే అందుకునేవాడు. చదువుతో పాటు దాని నియమాలు కూడా ఆయనే నేర్పాడు నాకు. వాటిలో పెద్దది, దీపం పెట్టి మొదలుపెట్టిన కథని చెడ్డచోట ఆపకూడదు. ఎవరో చనిపోయినచోటో, అడవిలో దారి తప్పినచోటో పుస్తకం మూయకూడదు. పెళ్లి జరిగేదాకానో, బిడ్డ పుట్టేదాకానో, కనీసం ఎవరో ఒకరు ఇల్లు చేరి కాళ్లు కడుక్కునేదాకానో చదవాలి. అప్పుడు హారతి ఇచ్చి లేవాలి. "నేకపోతే ఆలని ఆ కట్టంలోనే ఒగ్గేసి మనం బువ్వ తినడానికి లేసిపోయినట్టు" అనేవాడు తాత.

ఈ నియమం మూలంగా మా అత్త కంటి ఆపరేషను మూడు నెలలు ఆగిపోయింది. తప్పు తాతది కాదు, అత్తది అంతకన్నా కాదు. దీపం పెట్టింది నేను.

మాది ఉద్దానంలో ఒక ఊరు. నాలుగు కొబ్బరిచెట్లు, కాస్త జీడితోట, పెరట్లో పనసచెట్టు. మా ఆయన టెక్కలిలో ఆఫీసు గుమాస్తా. మా అమ్మాయి అక్కడే డిగ్రీ చదువుతోంది. పొద్దున్నే ఇద్దరూ ఒకే బస్సెక్కి వెళ్లిపోతే, ఇంట్లో నేనూ అత్తా మిగులుతాం. పలాస నుంచి వచ్చే జీడిపప్పు మీద ఎర్రపొట్టు తీయడం మా మధ్యాహ్నపు పని. ఎదురింటి వదిన కూడా తన చేట పట్టుకుని మా వరండాలోకి వస్తుంది. ఆవిడ రాకపోతే పప్పు పొట్టు వదలదని మా అత్త నమ్మకం. ఎందుకంటే ఊరి కబుర్లన్నీ ఆవిడ దగ్గరే ఉంటాయి.

ఒక సెలవుల్లో మా అమ్మాయి నా ఫోనులో ఒక నవల పెట్టింది. పెట్టింది అంటే, ఒక రచయిత తన పేజీలో వారానికి ఒక భాగం చొప్పున రాస్తున్న కథ అది. ఏడు దీవులు. వాటి చుట్టూ నీళ్లకు బదులు నడిచే ఇసుక. ఆ ఇసుక మీద పడవ నడిపి జనాన్ని ఒక దీవి నుంచి ఇంకో దీవికి దాటించే పిల్ల. ఆ పిల్ల తెడ్డుకి, ఇసుకలో మునిగిపోయినవాళ్ల పేర్లన్నీ గుర్తుంటాయి. ఇసుక అడుగున ఒక పాము.

"అమ్మా, ఒక్క భాగం చదువు. నచ్చకపోతే డిలీట్ చేసేస్తాను" అంది మా అమ్మాయి.

పప్పు ఒలుస్తూ చదువుకుందామని ఫోను చెంబుకి ఆనించి పెట్టుకున్నాను. రెండు వాక్యాలు అయ్యాయో లేదో, అత్త గొంతు వినబడింది.

"ఏటే, ఒక్కర్తివే గొనుక్కుంతన్నావు? నాకూ సెప్పు."

చెప్పాను. అంటే మొదటినుంచీ పైకి చదివాను. మర్నాడు ఎదురింటి వదిన, "నిన్న ఆ పడవ గుంట ఏటైనాదట?" అంటూ రోజూకన్నా ముందే వచ్చి కూర్చుంది. మా వైపు ఆడపిల్లని గుంట అనే అంటాం, అందులో ముద్దే తప్ప తక్కువచెయ్యడం ఏమీ ఉండదు. ముగ్గురం కూర్చున్నాం కదా అని, కథ మొదలుపెట్టబోతూ అలవాటు చొప్పున నేను దీపం వెలిగించేశాను. చిన్న ప్రమిద. చెయ్యి దానంతటదే వెళ్లిపోయింది. అత్త కళ్లు మూసుకుని దానికి దండం పెట్టింది. ఆమెకి అది ఎంతో బాగుంది. ఆ రోజునుంచీ దీపం లేకుండా ఒక్క భాగం కూడా చదవనివ్వలేదు.

"అమ్మా, ఫాంటసీకి దీపం పెట్టేది ఈ భూమ్మీద నువ్వొక్కదానివే" అని మా అమ్మాయి ఫొటో తీసుకుంది.

మా అత్తకి ఆ కథ మరీ దగ్గరైపోవడానికి ఒక కారణముంది. ఆమె పుట్టిల్లు మూలపేట వైపు. ఇప్పుడక్కడ పోర్టు కడుతున్నారు, లారీలు తిరుగుతున్నాయి. ఆమె చిన్నప్పుడు మాత్రం అవతలి ఊరికి వెళ్లాలంటే ఉప్పుటేరు దాటాల్సిందే, దాటాలంటే పడవ ఎక్కాల్సిందే. "ఆ రాసేవోడు మా ఊరు సూసినట్టే రాసినాడు. ఇసక అన్నాడు గానీ అది మా ఏరే" అనేది. పడవపిల్ల తెడ్డు పట్టుకునే పద్ధతి గురించి రచయిత తప్పు రాశాడని రెండుసార్లు కోప్పడింది కూడా.

ఆ రోజుల్లోనే ఆమె కుడికంటిలో శుక్లం ముదిరింది. ఎడమకన్ను ఎప్పటినుంచో అంతంతమాత్రమే. ఒలిచిన పప్పు మీద పొట్టు అలాగే ఉండిపోయేది. ఆమె లేచి వెళ్లాక నేను ఆ చేట తీసుకుని మళ్లీ ఒలిచేదాన్ని, ఆమెకి తెలియకుండా. తెలియదనే అనుకున్నాను. ఒకరోజు దండెం మీద ఆరేసిన మా అమ్మాయి చుడీదారు దగ్గర నిలబడి, "ఏటే, ఈయేళ కాలేజీకి ఎల్లనేదా?" అని అడిగింది. జవాబు రాకపోయేసరికి, "మాటాడదు సూడు, ఎంత పొగరో" అని నాకు ఫిర్యాదు చేసింది. ఆ పూటంతా నవ్వుకున్నాం. నవ్వు ఆగాక మా ఆయన టెక్కలిలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆలస్యం చేస్తే శుక్లం గట్టిపడిపోతుందనీ, అప్పుడు ఆపరేషను కష్టమవుతుందనీ, చూపు పూర్తిగా వస్తుందన్న భరోసా ఉండదనీ డాక్టరు చెప్పాడు. ఒక తేదీ కూడా ఇచ్చాడు.

ఆ తేదీకి మూడు రోజుల ముందు కొత్త భాగం వచ్చింది. అందులో ఇసుక చీలింది. పాము నోరు తెరిచింది. పడవా, పడవపిల్లా లోపలికి వెళ్లిపోయారు. తెడ్డు ఒక్కటే తేలుకుంటూ ఒడ్డుకి వచ్చింది. అంతే. కింద, "తర్వాతి భాగం రాస్తున్నాను" అని ఉంది.

నేను ఫోనుని వేలితో కిందికి తోశాను, పైకి తోశాను. ఇంకేమీ లేదు. ఎదురింటి వదిన ఒలిచిన పప్పుని పొట్టులో పడేసింది. అత్త దీపం వైపు చూసింది.

"ఇక్కడ ఆపీసినాడా?"

"ఇంతవరకే రాశాడత్తా."

"మరి అదేటే? మీ తాత సెప్పినాడన్నావు కదా, సెడ్డసోట ఆపకూడదని?"

తాత మాట ఆమెకి గొప్పగా చెప్పింది నేనే. అది కూడా ఒకసారి కాదు.

మూడోరోజు పొద్దున్న ఆటో వచ్చి గుమ్మంలో నిలబడింది. మా ఆయన సెలవు పెట్టారు. సంచి సర్దాను. అత్త మాత్రం మంచం మీంచి లేవలేదు.

"నాను రాను."

"అదేటమ్మా? ఆటో వచ్చీసింది" అన్నారు మా ఆయన.

"ఆ గుంటని పాము నోట్లో ఒగ్గేసి నాను కళ్లు కోయించుకోడానికి ఎల్లాలేటి? మంచి జరుగుతాదా?"

"అమ్మా, అది కథ. ఎవడో ఇంట్లో కూకుని రాసుకుంతన్నాడు."

"కథే. దీపం ఎట్టినాది మీ ఆవిడే గదా?"

మా ఆయన నా వైపు చూశారు. ఆయన అరవరు. అలా చూస్తారంతే. దానికన్నా అరిస్తేనే నయం. ఆటో ఖాళీగా వెనక్కి వెళ్లిపోయింది.

"భయం, ఇంకేటీ కాదు. ఆ పిల్ల పేరు అడ్డం పెట్టుకుంతంది" అన్నారాయన తర్వాత నాతో. కావచ్చు. భయమైనా, నియమమైనా, ఆ కన్ను తెరుచుకోవాలంటే పడవపిల్ల బయటికి రావాలి.

మా తాత దగ్గర ఇలాంటి ఇబ్బందికి ఒక ఉపాయం ఉండేది. తప్పనిసరై చెడ్డచోట ఆగాల్సి వస్తే, వెనక్కి వెళ్లి ఒక మంచి ఘట్టం మళ్లీ చదివి ముగించడం. మర్నాడు నేను అదే చేశాను. మూడో దీవిలో పెళ్లి జరిగే భాగం తీసి, బాజాలతో సహా, ఎంతో హుషారుగా చదివాను. హారతి పళ్లెం కూడా సిద్ధంగా పెట్టుకున్నాను. అత్త అంతా విని, "బాగున్నాది. ఆ పెళ్లికి వచ్చిన గుంటే గదా ఇప్పుడు పాము కడుపులో ఉన్నాది?" అంది. హారతి పళ్లెం లోపల పెట్టేశాను.

రచయితని అడగొచ్చని చెప్పింది మా అమ్మాయే. ఆ సంగతి మాకు అంతవరకూ తెలియదు. ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆయన తన పేజీలో ఒక గంటసేపు కూర్చుని పాఠకుల ప్రశ్నలకి జవాబులు రాస్తాడట. మా అమ్మాయీ, దాని స్నేహితురాళ్లూ, ఇంకా ఎక్కడెక్కడివాళ్లో ఒక గుంపుగా చేరి ఆ జవాబులన్నీ ఏరి ఒకచోట దాస్తారట. దానికి జవాబుల మూట అని పేరు. పరీక్ష పుస్తకాలకి అట్టలు వెయ్యని మా అమ్మాయి, ఆ జవాబులకి మాత్రం రంగురంగుల సిరాలతో ఒక నోటుపుస్తకం నింపేసింది.

ఆ ఆదివారం సిగ్నలు బాగా వచ్చే పనసచెట్టు కిందికి అత్త మంచం మోశాం. ఎదురింటి వదిన చేట లేకుండా వచ్చింది. ఆవిడ ఖాళీ చేతులతో ఎక్కడికైనా రావడం నేను చూడటం అదే మొదలు.

నాలుగయింది. ప్రశ్నలు వానలా పడ్డాయి. ఒకాయన, ఇసుకపాముకి ఎన్ని పళ్లు అని అడిగాడు. రచయిత పై వరుస, కింది వరుస, ఊడి మళ్లీ మొలిచేవి, అన్నీ వివరంగా రాశాడు. ఇంకొకామె, ఐదో దీవిలో చింతపండు దొరుకుతుందా అని అడిగింది. దొరకదట, అక్కడివాళ్లు పులుపు కోసం ఒక రకం ఆకు వాడతారట. ఆ ఆకుతో పచ్చడి ఎలా చేస్తారో కూడా రాశాడు. పడవపిల్ల బతికుందా అని మాత్రం నలభైమంది అడిగినా, ఆయన జవాబు ఒక్కటే. "చదివితే తెలుస్తుంది."

"రాసింది నేదు గానీ సదవమంతాడేటి?" అంది అత్త.

"రాయాల్సింది ఆయనే నానమ్మా."

"అదే సెప్తన్నాను. రాయడు, సదవమంతాడు."

ఆ గుంపులో పిల్లలు ఆయన ఒక్కొక్క మాటకీ ఒక్కొక్క అర్థం పెట్టుకున్నారు. "చూద్దాం" అంటే అవుననట. "మంచి ప్రశ్న" అంటే చెప్పననట. నవ్వుబొమ్మ ఒక్కటే పెడితే, ఆ సంగతి ఆయన కూడా ఇంకా ఆలోచించుకోలేదనట. మా ఊళ్లో పంచాంగం చూసే పంతులుగారు కూడా ఇంత లోతుకి వెళ్లరు. నవ్వుకున్నాను గానీ, నాకు వాళ్ల మీద ప్రేమే కలిగింది. ఒక మనిషి చెప్పిన మాటని ఇంత భద్రంగా దాచుకునేవాళ్లు ఈ రోజుల్లో ఉన్నారు కదా అనిపించింది.

మర్నాటినుంచి నేను ఒక ఉత్తరం కూర్చడం మొదలుపెట్టాను. "మహారాజశ్రీ రచయితగారికి నమస్కరించి వ్రాయునది" అని మొదలుపెట్టి, మా కుటుంబం, తాత నియమం, దీపం, అత్త కన్ను, డాక్టరు మాట, ఆటో వెనక్కి వెళ్లడం, అన్నీ రాశాను. ఆపైన, కథ మార్చమని అడగడం లేదనీ, ఆ పిల్లని కాసేపు ఒడ్డున కూర్చోబెడితే చాలుననీ, కావాలంటే మర్నాడు మళ్లీ పాము నోట్లో వేసుకోవచ్చుననీ విన్నవించుకున్నాను. ఆదివారం నాటికి మా అమ్మాయి చదివి రెండు చేతులతో తల పట్టుకుంది.

"ఇంత పట్టదమ్మా అందులో! ఒక ప్రశ్న అడగాలి. ప్రశ్న!"

కత్తిరించి, కత్తిరించి, చివరికి "దయచేసి పడవపిల్లని ఒక్కసారి ఒడ్డుకి చేర్చగలరా? మా అత్తగారి కంటి ఆపరేషను ఆగిపోయింది" అని మిగిల్చింది. నా మహారాజశ్రీ కూడా పోయింది. పంపాం. ఆయన నవ్వుబొమ్మ ఒకటి పెట్టాడు.

"అంటే ఆయన కూడా ఇంకా ఆలోచించుకోలేదు" అంది మా అమ్మాయి నీరసంగా.

ఇలా ఎన్నో ఆదివారాలు గడిచాయి. డాక్టరు ఇంకో తేదీ ఇచ్చాడు, అదీ దాటిపోయింది. వారం వారం వచ్చే కథ, కొత్త భాగం లేకుండా అక్కడే నిలిచిపోయింది. అత్త పప్పు ఒలవడం మానేసింది. చెయ్యి నొప్పి అంది. కారణం చెయ్యి కాదని నాకు తెలుసు. మానేసిన మర్నాడు, ఆమె ఆఖరిసారి ఒలిచిన పప్పుని నేను మళ్లీ ఒలుస్తుండగా వచ్చి, తడుముకుంటూ నా పక్కన కూర్చుంది. "నువ్వు ఎనకాల ఒలుత్తన్నావని నాకు తెలుసునే. ఎందుకులే నీకు రెండు పనులు" అంది. ఆ సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెడుతూ, నాకు చదువు చెప్పినందుకు తాతకి పెట్టే దండమే పెట్టాను గానీ, ఆ నియమం ఒక్కటి చెప్పకుండా ఉంటే బాగుండేదని కూడా అనుకున్నాను. లెంపలేసుకున్నాను.

డాక్టరు ఇచ్చిన మూడో తేదీ ఒక గురువారం. ఇదే ఆఖరన్నాడు. దానికి ముందు వచ్చిన ఆదివారం, పనసచెట్టు కింద, అత్త ఉన్నట్టుండి చెయ్యి చాపింది.

"ఇయ్యేళ నాను అడుగుతాను. రాయే."

"ఏం రాయను నానమ్మా? బతికుందా అని అడిగితే చెప్పరు. నలభైమందికి చెప్పలేదు" అంది మా అమ్మాయి.

"బతికున్నాదా అని అడుగుతారేటే ఎవలైనా? ఒకలింటికి ఎల్లి అలగ అడుగుతామా?" అని అత్త కోప్పడింది. "ఆ గుంట అన్నం తిని ఎన్నాళ్లయినాదో అడుగు."

మా అమ్మాయి వేలు ఫోను మీద ఆగిపోయింది. నేనూ, ఎదురింటి వదినా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా ఊళ్లో ఎవరింట్లో ఏం జరిగిందో తెలుసుకోవాలంటే ఎవరూ నేరుగా అడగరు. గుమ్మంలో నిలబడి, తిన్నారా అంటారు. తిన్నామన్న తీరులోనూ, తినలేదన్న తీరులోనూ మొత్తం కథ తెలిసిపోతుంది. అత్త ఇదే పద్ధతిని ఇన్ని వారాలు ఆలోచించి రచయిత గుమ్మందాకా తీసుకెళ్లింది. పైగా, ఆయన తిండి సంగతైతే కాదనకుండా చెప్తాడని పచ్చడి దగ్గరే కనిపెట్టిందట.

"పడవపిల్ల అన్నం తిని ఎన్నాళ్లయింది?" అని పంపింది మా అమ్మాయి.

కాసేపటికి జవాబు వచ్చింది. "ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు, నాకే సిగ్గుగా ఉంది. రెండు రోజులైంది. కొంగున కట్టుకున్న అటుకులు కూడా ఇసుకపాలైపోయాయి. పాపం, కడుపు మాడిపోతోంది."

మా అమ్మాయి కేక పెట్టింది. పనసచెట్టు మీంచి కాకులు లేచిపోయాయి.

"ఏటైనాది? ఏటి రాసినాడు?" అని అత్త మంచం కోడు పట్టుకుంది.

"ఆకలేస్తోందట నానమ్మా! కడుపు మాడిపోతోందట! చచ్చిపోయినవాళ్లకి ఆకలేస్తుందా? చెప్పేశాడు! తెలియకుండా చెప్పేశాడు!"

ఫోనులో గుంపు గుంపంతా ఒకేసారి అరుస్తున్నట్టు ప్రశ్నలు, బొమ్మలు వచ్చి పడ్డాయి. జవాబుల మూటలో ఆ జవాబుకి అన్నిటికన్నా పైన చోటిచ్చారు. ఆ గొడవ మధ్యలో రచయిత మళ్లీ ఒక వాక్యం రాశాడు. "అమ్మా, మీరెవరో గానీ నన్ను బుట్టలో వేసేశారు." అప్పుడు మా అమ్మాయి మొత్తం సంగతి దాని కింద రాసింది, నా దీపంతో సహా. ఆ గంటలోనే మా అత్తకి ఉద్దానం నానమ్మ అని పేరు వచ్చేసింది.

నేను ఆనందంగా హారతి పళ్లెం కోసం లేచాను.

"కూకో" అంది అత్త. "ఎక్కడికి? ఆ గుంట ఆకలితో ఉన్నాదంట. ఇది మంచిసోటేటే?"

బతికించాం, కానీ పస్తుతో ఆపాం. ఇంకో భాగం ఎప్పుడొస్తుందో దేవుడికి కూడా తెలియదు, గురువారం మాత్రం నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది. మా ఆయన పెరటి గుమ్మంలో నిలబడి అంతా వింటున్నారు. "అయితే అన్నం పెట్టీ అమ్మా, అదేదో నువ్వే" అన్నారు విసుగ్గా.

ఆయన విసుగ్గా అన్న మాటని అత్త వరంలా పట్టుకుంది. "అదే సేత్తాను" అని లేచింది.

మర్నాడు సోమవారం. మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చే వేళకి అత్త దగ్గరుండి నాచేత పరమాన్నం వండించింది. కొబ్బరిపాలు పోయించింది, మేం పొట్టు తీసిన జీడిపప్పు వేయించింది. దీపం పెట్టాను. రచయిత జవాబుని, అటుకులు ఇసుకపాలైన సంగతి దగ్గర కాస్త తొందరగా, పైకి చదివాను. అత్త ఒక అరిటాకు ప్రత్యేకంగా వేయించి, అందులో పరమాన్నం వడ్డించి, చుట్టూ నీళ్లు తిప్పింది. తర్వాత మా అమ్మాయిని పిలిచింది.

"రాయే, ఆ ఆకు ముందు కూకో. దాని ఈడుదానివే నువ్వు. దాని పేరు సెప్పుకుని నువ్వు తిను."

మా అమ్మాయి నవ్వుతుందనుకున్నాను. ఫొటో తీస్తుందనుకున్నాను. ఫోను పక్కన పెట్టి, బుద్ధిగా కాళ్లు మడుచుకుని కూర్చుని, ఆకులో ఒక్క మెతుకు వదలకుండా తినేసింది. అత్త తడిమి చూసి, ఆకు ఖాళీ అయిందని తేల్చుకుంది.

"ఇప్పుడియ్యి హారతి" అంది నాతో.

తాత ఉంటే ఏమనేవాడో నాకు తెలియదు. పుస్తకంలో జరగని మంచిని వరండాలో జరిపించి కథ ముగించడం ఆయన నియమాల్లో లేదు. కానీ ఆయన అరచెయ్యి ఎత్తి ఆపి ఉండేవాడు కాదనే నా నమ్మకం.

గురువారం ఆటో రాకముందే అత్త సంచి పట్టుకుని అరుగు మీద కూర్చుంది. టెక్కలి ఆసుపత్రిలో ఆపరేషనుకి లోపలికి తీసుకెళ్తుంటే నా చెయ్యి వదల్లేదు. అరచెయ్యి చల్లగా ఉంది. "భయంగా ఉందా అత్తా?" అన్నాను. "నాకేటి భయం? ఆ గుంట పాము కడుపులో ఉన్నాది, నాది కంట్లో పొరే గదా" అంది. అప్పుడు కూడా చెయ్యి వదల్లేదు. దేవుడి దయవల్ల, ఆ డాక్టరు చేతి చలవవల్ల అంతా సవ్యంగా జరిగింది.

కట్టు విప్పాక డాక్టరు చెప్పిన నాలుగు రోజులూ నల్లకళ్లద్దాలు పెట్టుకుని మహారాణిలా కూర్చుంది. ఐదోరోజు చేట ముందుకి వచ్చింది. ముందు తన చేట చూసుకుంది, తర్వాత నాది లాక్కుంది. వేలితో ఒక్కొక్క గింజా తిప్పి, ఏరి, పక్కన ఒక చిన్న కుప్ప పోసింది.

"ఇయ్యన్నీ ఏటి? పొట్టు అలగే ఉన్నాది. ఇన్నాళ్లూ నావి ఎనకాల ఒలిసేవు గానీ, నీవెవలు ఒలిసేరు కోడలా?"

ఎదురింటి వదిన తన చేటని మెల్లగా కొంగు కిందికి జరుపుకుంది.

ఆ ఆదివారం నాలుగింటికి రచయిత ప్రశ్నలు తీసుకోలేదు. ముందు తానే ఒకటి రాశాడు. "ఈ రోజు మొదటి ప్రశ్న నాది. ఉద్దానం నానమ్మగారి కన్ను ఎలా ఉంది?"

మా అమ్మాయి అది చదువుతుంటే నాకు కళ్లు తడిశాయి. ఎక్కడో ఉన్న మనిషి, ముక్కూ మొహం తెలియని మా ఇంటి సంగతి గుర్తుపెట్టుకుని అడిగాడు. ఆయన పేరు తలుచుకుని దండం పెట్టుకున్నాను. కథ ఎప్పటికి ముగించినా సరే, ఆయన ఇల్లు చల్లగా ఉండాలి.

"నానమ్మా, ఏం రాయను? బాగా కనిపిస్తోందని రాయనా? థాంక్స్ చెప్పనా?"

డాక్టరు చెప్పిన గడువు దాటినా వదలని నల్లకళ్లద్దాలని అత్త సర్దుకుంది. ఇన్ని ఆదివారాలు కాచుకుని కూర్చున్న మనిషి. తొందరపడలేదు.

"'రాత్తే తెలుత్తాది' అని రాయ్."

మా అమ్మాయి పడీపడీ నవ్వుతూ అలాగే రాసి పంపింది. ఫోనుని మంచం మీద అందరికీ కనబడేలా పెట్టింది. అవతల ఏమీ రాలేదు. అత్త ముందుకి వంగి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఫోను వైపు చూసింది.

"ఏటే ఆ మూడు సుక్కలు? కదులుతన్నాయి. ఆడు ఆలోసిత్తన్నాడేటి?"

అక్కడ చుక్కలున్నాయని ఆమెకి మేమెవరం చెప్పలేదు.